కాజా లేని చోట

పిచ్చుకా,

నిన్న అల్లుడుగారు ఫోన్ చేశారు. ఏడో నెల వచ్చినా బిడ్డకి ఒక్క గుడ్డముక్క కూడా కొననివ్వడం లేదట నువ్వు. "పుట్టాక మీరే ఎత్తుకోండి, నేను ముట్టుకోను" అన్నావట. ఆయన భయపడుతున్నారు. నాకు భయం వెయ్యలేదు, సిగ్గేసింది. ఆ మాట నీ నోట్లో పెట్టింది నేనే.

అప్పుడు నీకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఐదు నెలలు. బడి నుంచి ముక్కు కారుకుంటూ వచ్చి వాడి బుగ్గ మీద ముద్దు పెట్టావు. మూడు వారాలకి వాడు లేడు. ఇంటినిండా జనం ఉండగా మీ నాయనమ్మ నన్ను నిలదీసింది, పిల్లాడికి ఏమైంది, ఎందుకు పోయాడు అని. "పెద్దది బడి నుంచి జలుబు తెచ్చింది" అన్నాను. నువ్వు తలుపు చాటున ఉన్నావు. కింద నీ పాదాలు కనిపించాయి నాకు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు నుంచి నువ్వు తోలు లేచేదాకా చేతులు కడుక్కునేదానివి. ఎదురింటి పాపని కూడా ఎప్పుడూ ఎత్తుకోలేదు. నేను చూస్తూ ఊరుకున్నాను.

అసలు సంగతి మీ నాయనమ్మ నిలదీయడానికి ముందురోజే డాక్టరమ్మ చెప్పింది. నేను పెద్దగా చదువుకోలేదని తెలిసి, ఏం పని చేస్తావని అడిగింది. దర్జీ దుకాణంలో హుక్కులు, కాజాలు కుడతానన్నాను. అయితే నీకు తేలిగ్గా తెలుస్తుందిలే అంది. ఒంట్లో కాపలా కాసే టీ కణాలుంటాయట. వాటి పైపొర మీద కాజాల్లాంటివి ఉంటాయట, గ్రాహకాలంటారు. "లేవండి, పెరగండి" అనే కబురు హుక్కులాగా వచ్చి ఒక కాజాకి తగులుకోవాలి. పనయ్యాక "ఇక చాలు" అనే కబురుకి వేరే కాజా. మన బాబుకి ఆ మొదటి కాజాలో ఒక ముక్క లేదు. కబురు వస్తుంది, తగులుకోదు. అందుకే వాడి ఒంట్లో కాపలా అన్నదే లేదు. "ఈ జలుబు కాకపోతే ఇంకో గాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు" అంది. ఆ లోపం తల్లి నుంచి కొడుక్కి వస్తుందని కూడా చెప్పింది. నా నుంచే వచ్చిందని మీ నాయనమ్మ ముందు చెప్పడానికి నోరాడలేదు. నా నెత్తిన పడాల్సింది తొమ్మిదేళ్ల పిల్ల నెత్తిన పెట్టాను. ఇరవై ఏళ్లు దించలేదు.

ఇప్పుడు చెప్పక తప్పదు. ఆ లోపం నీకూ వచ్చి ఉండొచ్చు. ఆడవాళ్లని ఏమీ చెయ్యదు గానీ, కొడుకు పుడితే వాడికి అందొచ్చు. పుట్టిన రోజే బిడ్డకి రక్తపరీక్ష చేయించు. వెంటనే తెలిస్తే వైద్యం ఉందట. ఆనాటి కాగితం నా కుట్టుపెట్టె అడుగునే ఉంది ఇన్నాళ్లూ, ఇందులో పెట్టాను. మీ డాక్టరుకి చూపించు. నా మొహం చూడకపోయినా సరే, ఇదొక్కటి చెయ్యి.

అమ్మ

పిచ్చుకా,

ఈ ఉత్తరం నర్సమ్మ చేతికిచ్చి ఆసుపత్రి కిందనుంచే వెళ్లిపోతున్నాను. పొద్దున ఫోన్‌లో నేను తుమ్మగానే "ఆ ముక్కేసుకుని మెట్లెక్కావంటే చూడు" అని కసిరావు. తర్వాత నువ్వే, "నీ జలుబు తప్పు కాదమ్మా. నా బిడ్డ కాజాలు ఇంకా కుట్టడం పూర్తవలేదు, అంతే" అన్నావు. నీకు తొమ్మిదేళ్లప్పుడు నేను అనాల్సిన మాట అది. ఫోన్ పెట్టేశాక వరండాలో చాలాసేపు కూర్చున్నాను.

వాడి లోపం పుట్టిన రెండోరోజే బయటపడింది కాబట్టి సరిపోయింది. తండ్రి ఎముక మూలుగ ఎక్కించి మూడు నెలలు. టీ కణాలు కనబడుతున్నాయని డాక్టరు చెప్పారట, ఇంకా కొన్నాళ్లు జాగ్రత్త అన్నారట. బిడ్డతో గదిలో ఒక్కరే ఉండాలంటే నువ్వే ముందుకొచ్చావని అల్లుడుగారు చెప్పారు. ముట్టుకోనన్న మనిషి ఇప్పుడు పిల్లాణ్ణి కింద పెట్టడం లేదని నర్సమ్మ నాకు చాడీలు చెప్పింది. అన్నం పళ్లెం కూడా సగం సగం వెనక్కి పంపుతున్నావట.

నా జలుబు తగ్గాక వస్తాను. నువ్వు రమ్మన్నప్పుడే.

మీ అమ్మ

వాణ్ణి కాసేపు పడుకోబెట్టి, వేళకి కడుపునిండా తిను.