బౌషతా డబ్బాల్లో నీళ్లెవరు పోశారు

బాబ్ బెర్రెద్ దగ్గరి మన ఊరు,
ఏప్రిల్ 24

అక్క ఫత్తూమాకు, చేతులు ముద్దుపెట్టుకుని తమ్ముడు బౌషతా రాస్తున్నది. సలాం.

మోకాలు ఎలా ఉంది? తెత్వాన్‌లో మీ అమ్మాయి వాళ్ల బిల్డింగులో లిఫ్టు బాగుచేశారా, ఇంకా ఐదంతస్తులూ నిన్ను కుర్చీలో మోస్తున్నారా? ఇక్కడ నేనూ నీ మరదలు సాదియా బాగున్నాం. మొక్కలే బాగాలేవు.

సహకార సంఘం వాళ్లు లైసెన్సుతో పాటు ఇచ్చిన పన్నెండు గంజాయి నారుమొక్కల్నీ నువ్వు చెప్పినట్టే పెరట్లో ఆలివ్ నూనె డబ్బాల్లో పెట్టాను. జూన్ పదిహేనున అధికారి ముఫద్దల్ గారొచ్చి, చూసి, పుస్తకంలో ‘బాగు’ అని రాస్తేనే వాటిని కొండవాలు పొలంచెక్కలో నాటనిస్తారు. నీ షరతు కూడా మరిచిపోలేదు. ఆయన బాగు అంటే నాన్న చెక్క నా పేరున రాసిస్తావు. బాగులేదంటే మోకాలితో సహా నువ్వు తిరిగొస్తావు, నేను మళ్లీ తెత్వాన్ పోయి అద్దెగదిలో కూర్చోవాలి. ముప్పైనాలుగేళ్లు తపాలా కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి, మిగిలిన రోజులు నాన్న మట్టిలో కూర్చోవాలని ఉంది అక్కా.

పది రోజులుగా ఆకులు తలలు వేలాడేశాయి. తలవంచుకుని కూర్చున్న మనిషికి ఏదో ఒకటి పెట్టకుండా మనింట్లోంచి పంపిన రోజు లేదు కదా. పొద్దున్నే చెంబెడు నీళ్లు పోశాను. లేవలేదు. మొహమాటపడుతున్నాయేమోనని ఇంకో చెంబు పోశాను. సంఘం వాళ్లిచ్చిన తెల్ల గుళికల ఎరువు వారానికి చిటికెడు చాలన్నారు. చిటికెడు పెడితే మన ఇంటి పరువేం కావాలి? గుప్పెడు వేశాను. ఇప్పుడు ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి గానీ, కొసలు మాడిపోయి గద్దగోళ్లలా కిందికి వంగాయి. ఇంకేం పెట్టమంటావు?

నీ తమ్ముడు,
బౌషతా

తా.క. సంతలో ఊరి ఉత్తరాలు తీసుకుని ఇంటింటికీ పంచే పని ఎవరూ అడక్కుండానే నెత్తిన వేసుకున్నాను. మొన్న చలికాలం మసీదు బడిలో నువ్వు అక్షరాలు నేర్చుకున్న దగ్గర్నుంచీ ఆ సంచిలో సగం నీ ఉత్తరాలే. సాదియాదీ, పక్కింటి అయ్యాషీదీ అందజేశాను, అంటించినవి అంటించినట్టే. రిటైరయినా సరే, నా చేతిలో ఒకరి కవరు చిరగదు.


తెత్వాన్,
మే 2

ఒరేయ్ బౌషతా, నీకు నా దీవెనలు. ముందు అవి తీసుకో, వెనక తిట్లొస్తున్నాయి.

లిఫ్టు బాగుకాలేదు. నలభై ఏళ్లు ఆ చెక్కలో కీఫ్ గంజాయి పండించాను, ఒక్కరోజు చెంబు పట్టుకుని మొక్క వెంట పడలేదు. వాన పోసేది, నేను చూసేదాన్ని. ఆకు వాలినప్పుడల్లా దాహమేనా? వేళ్లు బురదలో కూరుకుని ఊపిరాడక వాలింది. కొసలు మాడింది నీ గుప్పెళ్లవల్ల. తిండి ఎక్కువై ఒక రోగం, నీళ్లెక్కువై ఒక రోగం, రెండూ నువ్వే తెచ్చావు.

నీళ్లు మానెయ్. గుళికల సంచి సాదియాకిచ్చి తాళం వేయించు. మట్టిలో రెండో కణుపు దాకా వేలు గుచ్చు, తడి తగిలితే ఆ వేలు తీసి జేబులో పెట్టుకుని వెళ్లిపో. డబ్బా ఎత్తి చూడు, చేతికి తేలిగ్గా వచ్చేదాకా చుక్క పొయ్యకు. తేలికయ్యాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అడుగునుంచి కారిపోయేలా ఉత్త నీళ్లు పోసి మట్టిలో పేరుకున్న ఎరువుప్పు కడిగెయ్. తర్వాత మళ్లీ ఆరబెట్టు. పొరపాటున కూడా ఈ వరస మార్చకు.

నీ అక్క,
ఫత్తూమా (ఇది నేనే రాశాను, ఎవరూ చెయ్యి పట్టుకోలేదు)

తా.క. డబ్బాల అడుగున చిల్లులు కొట్టావా? కొట్టి ఉండవు. సంచిలో సాదియాకీ అయ్యాషీకీ వేరే కవర్లున్నాయి. ఒకటి ఆడవాళ్ల సంగతి, ఒకటి ఇరుగుపొరుగు సంగతి. నీకు సంబంధం లేదు.


మన ఊరు,
మే 9

అక్కకు సలాం.

చిల్లులు కొట్టని మాట నిజమే. కారే పార్శిలు తీసుకోం అని ముప్పైనాలుగేళ్లు జనాన్ని వెనక్కి పంపినవాణ్ణి, నా చేత్తో నేనే డబ్బాకి చిల్లు పెట్టడానికి మనసొప్పలేదు. నీ ఉత్తరం చదివాక మేకూ సుత్తీ తీసుకుని డబ్బాకి ఐదేసి కొట్టాను. అందులోంచి వచ్చిన నీళ్ల కంపుకి సాదియా రొట్టెల పొయ్యి వదిలేసి లోపలికి పోయింది.

డబ్బా ఎత్తి చూడమన్నావు. బరువు విషయంలో నా చేతుల్ని నేను నమ్మను. ఆఫీసు వాళ్లు పారేస్తుంటే తెచ్చుకున్న పార్శిలు కాటా ఉందిగా, డబ్బాలకి నంబర్లేసి రోజూ తూస్తున్నాను. ఆరు రోజులుగా నేను చుక్క పొయ్యలేదు, నాన్న మీద ఒట్టు. అయినా ఏడో నంబరు సోమవారం మూడున్నర కిలోలు, బుధవారం మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు. కారుతూ కారుతూ బరువు పెరిగే పార్శిల్ని నా ఉద్యోగం మొత్తంలో చూడలేదు. మట్టి మీద సన్నటి దోమలు లేస్తున్నాయి. రెండు మొక్కలు పసుపు తిరిగాయి.

నాకు అయ్యాషీ మీద అనుమానంగా ఉంది. గోడ దగ్గర ఆయన తడి అడుగులు కనబడ్డాయి. అడిగితే “నమాజుకి కాళ్లు కడుక్కున్నాను బౌషతా” అన్నాడు. రోజుకి ఐదు నమాజులైతే ఈయన కాళ్లు ఏడెనిమిదిసార్లు తడుస్తున్నాయి. అధికారి రావడానికి నెల మీద వారం ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదక్కా.

నీ తమ్ముడు,
బౌషతా

తా.క. సాదియా ఈమధ్య నావైపు జాలిగా చూస్తోంది. “మరిచిపోతే పోయావులే, దిగులుపడకు” అంటోంది. ఏం మరిచిపోయానో మాత్రం చెప్పదు.


తెత్వాన్,
మే 16

ఒరేయ్ బౌషతా, దీవెనలు. ఈసారి చిన్నవి.

చిన్నప్పుడు తేనెజాడీ ఖాళీ చేసి, తేనెటీగలు వచ్చి వెనక్కి పట్టుకుపోయాయని అమ్మకు చెప్పినవాడివి నువ్వు. ఇప్పుడు డబ్బాలు వాటంతటవే బరువెక్కుతున్నాయంటే నేను నమ్మాలా? నీ కాటా తుప్పుపట్టి ఉంటుంది. నువ్వు నీళ్లు మానేశావన్నది మాత్రం నమ్ముతాను, ఎందుకంటే పొయ్యమంటే చెరువు చేస్తావు, మానమంటే ఎడారి చేస్తావు, మధ్యలో ఆగడం నీకు పుట్టుకతో రాలేదు. పసుపు తిరిగినవి దాహంతో తిరిగాయి. దోమలంటావా, ఆ ఊళ్లో నేను పుట్టకముందు నుంచీ ఉన్నాయి.

అయ్యాషీని ఒక్క మాట అనకు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి, అలాంటివాడు మన వంశంలో లేడు. జూన్ పదిహేనున ముఫద్దల్ గారు ‘బాగులేదు’ అని రాశారని తెలిసిన రోజు మోకాలికి గుడ్డ చుట్టుకుని బయల్దేరతాను. ఐదంతస్తులు దిగడానికి రెండు రోజులు పట్టినా సరే, నాన్న చెక్కని నీ చేతుల్లో మాత్రం వదలను.

నీ అక్క,
ఫత్తూమా

తా.క. సాదియాకీ అయ్యాషీకీ మళ్లీ రాశాను. ఈసారి కాస్త గట్టిగా రాశాను. జాగ్రత్తగా అందజెయ్.


మన ఊరు,
జూన్ 16

అక్కకు సలాం.

నెల రోజులు ఉత్తరం లేదని అనుకుని ఉంటావు. మొదట కోపమొచ్చి రాయలేదు, తర్వాత పని తెమలక రాయలేదు.

నువ్వు గట్టిగా రాసిన కవర్లు రెండూ నా చేత్తోనే అందజేశాను. మర్నాడు తెల్లవారుజామున నమాజు కాగానే రొట్టెల పొయ్యి వెనక కూర్చున్నాను. ముందు సాదియా వచ్చింది, చేతిలో టీ కెటిలు. మొక్కకో గ్లాసు చొప్పున నీళ్లు, అతిథులకి పోసినట్టు మూడు విడతలు పోసి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే అయ్యాషీ గోడ దిగాడు, ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో మేకపెంట మూట. ఆయన నాలుగో డబ్బా దగ్గరుండగా సాదియా మరిచిపోయిన గ్లాసు కోసం తిరిగొచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు పెదాల మీద వేలు పెట్టి చూపించుకున్నారు. అప్పుడు నేను లేచాను.

“హజ్జా ఫత్తూమా గారు చెప్పారు” అన్నాడు అయ్యాషీ, బకెట్టు వెనక్కి దాచుకుంటూ.

“నాకూ వదినే చెప్పింది. నీకూ చెప్పిందని నాకేం తెలుసు” అంది సాదియా ఆయనతో.

“ఏం చెప్పింది?” అన్నాను.

అయ్యాషీ జెల్లాబా అంగీలోంచి కవర్ల కట్ట తీశాడు. “నాకు చదువు రాదు కదా, ఇన్నాళ్లూ ఇమాం గారు చదివిపెట్టారు. నీకు చూపించొద్దని కూడా ఉందట. దొరికిపోయాను కాబట్టి ఇక నువ్వే చదువు.”

కవరు ఎవరిదో వాళ్లు చదవమంటే చదవడం తప్పుకాదు. చదివాను. మొదటిదాంట్లో: ‘మా వాడు మతిమరుపు మనిషి. వాడికి తెలియకుండా రోజూ కాసిని నీళ్లు పొయ్యి, శుక్రవారం కాస్త పెంట వెయ్యి.’ రెండోదాంట్లో: ‘నీళ్లు మానమన్నాను, వాడిక మొత్తం మానేస్తాడు, నువ్వు మానకు.’ చివరిదాంట్లో: ‘మొక్కలు ఎండిపోతున్నాయి, ఇంకొంచెం పెంచు.’ సాదియా కవర్లలోనూ అవే మాటలు. నేను అనుమానించిన మనిషి నా మేలుకోసమే వేకువన గోడ దూకుతున్నాడు. నన్ను ముంచుతున్న కవర్లు, ఆరూ, నేనే ఎండలో నడిచి గడప గడపకీ ఇచ్చాను.

ఆ తర్వాత ముగ్గురం చెంబు, కెటిలు, బకెట్టు ఒకే గదిలో పెట్టి తాళం వేశాం. మట్టి మీద తెల్లగా పేరుకున్న ఉప్పు గీకేశాను. పదకొండో రోజుకి ఏడో నంబరు రెండు కిలోలలోపుకి దిగింది. అప్పుడు నువ్వు చెప్పినట్టే ఒక్కసారి వాననీళ్లతో కడిగాను, టీ రంగు నీళ్లు దిగాయి. మళ్లీ ఆరబెట్టాను. మాడిన ఆకులు బాగుకాలేదు గానీ, పైన కొత్తాకులు నిటారుగా వచ్చాయి. రెండు మొక్కలు చచ్చిపోయాయి. పది నిలిచాయి.

నిన్న ముఫద్దల్ గారు వచ్చారు. వేలు గుచ్చి చూశారు, డబ్బాలెత్తి చూశారు, నా తూకాల నోటుపుస్తకం మొదటినుంచీ చదివారు. ‘బాగు’ అని రాశారు.

అయినా నాకు సంతోషంగా లేదు. నువ్వు నన్ను నమ్మలేదక్కా. నమ్మకం లేకుండా రాసిచ్చే చెక్క నాకొద్దు. పంట కోసి ఇంటి తాళాలు నీకు పంపిస్తాను.

నీ తమ్ముడు,
బౌషతా

తా.క. ముఫద్దల్ గారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “హజ్జా ఫత్తూమా మీ అక్కగారేనా? ఇటు వచ్చినప్పుడల్లా కాసిని నీళ్లు పొయ్యమని నాకూ ఉత్తరం రాశారు” అన్నారు.


తెత్వాన్,
జూన్ 24

తమ్ముడు బౌషతాకు దీవెనలు, ఈసారి నిండుగా. తిట్లన్నీ నాకే ఉంచుకున్నాను.

నువ్వు రాసినదంతా నిజం. నిన్ను నమ్మక రాశాననే అనుకున్నాను ఇన్నాళ్లూ. కూర్చుని ఆలోచిస్తే అదొక్కటే కాదు. ఇక్కడ అమ్మాయి నన్ను వంటింట్లోకి రానివ్వదు, మోకాలు మెట్లు దిగనివ్వదు. కాగితం మీద ‘నీళ్లు పొయ్యి’ అని రాస్తే నా చేత్తో నేను పోసినట్టే ఉండేది. అందుకే ఒకరికి రాశాను, ఇంకొకరికి రాశాను, ఆ అధికారికి కూడా రాశాను. నా పాపానికి రెండు మొక్కలు పోయాయి, మన్నించు.

తాళాలు పంపకు. ఈ కవర్లో నాన్న చెక్క కాగితం ఉంది, నీ పేరున. తారీఖు చూడు, జూన్ పది. అప్పటికి ముఫద్దల్ గారు ఇంకా రాలేదు, ‘బాగు’ రాయలేదు. నెల రోజులుగా నీ ఉత్తరం రాక, చెక్క కోసం తమ్ముణ్ణి పోగొట్టుకున్నాననిపించింది. నన్ను కుర్చీలో దింపించుకుని దస్తావేజుల ఆయన దగ్గరికి పోయాను. ఆయన వేలిముద్ర కోసం సిరా డబ్బా ముందుకు తోశాడు. నేను వెనక్కి తోసి నా పేరు రాశాను. నమ్మలేక ఇంకోసారి రాయించుకున్నాడు. నీ కాగితం మీద రెండు సంతకాలున్నది అందుకే.

అయ్యాషీకి నా సలాం చెప్పు, ఆ మనిషి కాళ్లు ఆరనివ్వు.

నీ అక్క,
ఫత్తూమా

తా.క. కాలక్షేపానికని అమ్మాయి బాల్కనీలో నాకో పుదీనా కుండీ తెచ్చిపెట్టింది. నమాజు నమాజుకీ నీళ్లు పోస్తున్నాను, టీ పిప్పి వేస్తున్నాను, గుడ్డు పెంకులు వేస్తున్నాను. పది రోజులుగా ఆకులు తలలు వేలాడేశాయి. ఇంకేం పెట్టమంటావు?