నా మాటే పరీక్ష

బిర్చ్ ఫాల్స్, ఫిబ్రవరి 9

ప్రియమైన మారిట్ అక్కకి,

శాసనసభలో నీకు ఊపిరి సలపదని తెలుసు. అయినా అడగక తప్పడం లేదు. మేం హెంప్ నూనె, అదే గంజాయి జాతి మొక్క నూనె, కలిపి చేసే సోడాల మీద మీరు తెస్తున్న బిల్లులో పన్ను వేస్తే వేయండి, కడతాను. కానీ ప్రతి విడత సరుకునూ బయటి ల్యాబులో పరీక్ష చేయించాలన్న నిబంధన మాత్రం నా కొంప ముంచుతుంది. బీరు తాగేవాళ్ళు తగ్గిపోయారు. ఈ సోడాలే లేకపోతే నాన్న పెట్టిన బ్రూవరీకి ఎప్పుడో తాళం పడేది. తొమ్మిది మంది నన్ను నమ్ముకుని ఉన్నారు.

నా డబ్బా మీద ఐదు మిల్లీగ్రాముల మత్తు అని రాసి ఉంటే, లోపల ఉండేది ఐదే. ఒట్టు. సభలో నా కోసం ఒక్క మాట మాట్లాడవూ?

నీ తమ్ముడు,
ఆర్విడ్

*

సెయింట్ పాల్, మే 20

ప్రియమైన తమ్ముడికి,

పన్ను నిలిచింది, పరీక్ష నిబంధన పోయింది. ఒకే ఒక్క ఓటు తేడా. "మా ఆర్విడ్ మాటే నాకు పరీక్ష" అన్నాను సభలో. "తమ్ముణ్ణి ల్యాబుగా పెట్టుకున్న సభ్యురాలు ఈవిడొక్కతే!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాట్లాడినంతసేపూ అరచేతులకు చెమటలు పట్టాయి. ఎండ వల్లే అనుకుంటాను.

ప్రేమతో,
అక్క

*

సెయింట్ పాల్, ఆగస్టు 27

ఆర్విడ్,

వారంగా ఫోన్ ఎత్తడం లేదేం? ఊరి సంతలో డాగ్నీ గారు పడిపోయారనీ, తుంటి విరిగిందనీ పేపరువాళ్ళు చెబితే తెలిసింది. మోకాళ్ళ నొప్పికి మంచిదని ఎవరో అంటే ఒక్క హెంప్ సోడా తాగారట. అరగంటలో కళ్ళు తిరిగి మెట్ల మీద నుంచి దొర్లారట. చర్చిలో నలభై ఏళ్ళు ఆర్గన్ వాయించిన మనిషి. నీ పెళ్ళిలో వాయించిందీ ఆవిడే.

ఐసు తొట్టిలో నాలుగైదు కంపెనీల డబ్బాలు కలిసి ఉన్నాయట. "అది బయటి రాష్ట్రం చవక సరుకై ఉంటుంది, మా ఊరిది కాదు" అని పేపరుకు చెప్పాను. సరిగానే చెప్పానా? ఒక్క ముక్క రాయి.

అక్క

*

బిర్చ్ ఫాల్స్, సెప్టెంబరు 4

అక్కా,

డాగ్నీ గారి పక్కన దొరికిన ఆ డబ్బా నాది.

సోడా కలిపే మా తొట్టిలో హెంప్ నూనె సరిగా కలవడం లేదు. పైకి తేలిపోతుంది. ముందు నింపిన డబ్బాలో నీళ్ళు, చివరి డబ్బాలో విషం. జనవరిలోనే అనుమానమొచ్చి ఒకే విడతవి రెండు డబ్బాలు ల్యాబుకు పంపాను. ఒకదానిలో మూడు మిల్లీగ్రాములు వచ్చింది, ఇంకోదానిలో పందొమ్మిది. ఆ కాగితం సొరుగులో పెట్టుకునే నీకు ఒట్టు వేసి రాశాను. వేసవిలోగా కొత్త తొట్టి కొనేద్దామనుకున్నాను. కొనలేదు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే డాగ్నీ గారు, "ఎవడో బయటివాడి సరుకట కదా నాయనా, మీ అక్క పేపర్లో చెప్పింది. నీదైతే నాకేం భయం?" అంది. మంచం పట్టీ పట్టుకుని చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది. "ఆ కిటికీ తెర వేసి వెళ్ళు నాయనా" అంది. అంతే.

సరుకంతా వెనక్కి తెప్పిస్తున్నాను. అధికారులకూ రాసిచ్చాను. నిన్ను నలుగురిలో అబద్ధాలకోరును చేశాను. నీ ముఖం చూడలేను.

ఆర్విడ్

*

సెయింట్ పాల్, సెప్టెంబరు 11

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇక్కడ అందరూ నా మీద జాలి పడుతున్నారు. "పాపం మారిట్, సొంత తమ్ముడే మోసం చేశాడు" అంటున్నారు. ఆ జాలి నేను మోయలేను. ఎందుకంటే నువ్వు నన్ను మోసం చేయలేదు.

క్రిస్మస్‌కి నువ్వొక పెట్టె తెచ్చి ఇచ్చావు కదా. నువ్వు వెళ్ళిన మర్నాడు ఒక డబ్బా తాగాను. గుండె దడదడలాడింది, కాళ్ళు తేలిపోయాయి, రెండు గంటలు వంటింటి నేల మీదే పడి ఉన్నాను. రెండు రోజులాగి అదే పెట్టెలోంచి ఇంకోటి తాగాను. ఏమీ కాలేదు. డబ్బాకూ డబ్బాకూ పొంతన లేదని ఆ రోజే తెలిసింది. చెబితే నాన్న బ్రూవరీ మూతపడుతుందని మిగిలినవి సింకులో పారబోసి ఊరుకున్నాను.

నీ ఫిబ్రవరి ఉత్తరం చదివినప్పుడు అది అబద్ధమని తెలుసు. తెలిసే సభలో లేచాను. పేపరువాళ్ళు అడిగినప్పుడూ లోలోపల తెలుసు. నువ్వొక కాగితం దాచావు. నేను చట్టంలోంచి ఆ పరీక్షనే తీయించాను. నాకు తెలిసిందంతా నీకొక్కడికి ఫోన్లో చెప్పి ఉంటే, డాగ్నీ గారు ఈ ఆదివారం చర్చికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళేది.

శనివారం వస్తున్నాను. ముందు ఆసుపత్రికి వెళతాను. ఆవిడ ముఖం తిప్పుకున్నా సరే, చెప్పే కదులుతాను. వచ్చే జనవరిలో ఆ నిబంధన మళ్ళీ నేనే సభలో పెడతాను. సభా సంఘం విచారణలో మొదటి సాక్షిగా నిన్ను పిలుస్తాను, కాదనకు. నీ తర్వాత సాక్షి కుర్చీలో నేను కూర్చుంటాను. "మీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడుగుతారు. నెల, తేదీ చెబుతాను.

నీ సిగ్గులో సగం పంచుకోవలసిన
అక్క