ఖోఖో మానొద్దు ఆరీఫా

ఆరీఫా, సంగటి చేసిపెట్టినా. కొంచెం ఉండలు కట్టింది, ఏమనుకోకుండా తిను. పప్పు గిన్నెలో ఉండాది. నేను తనకల్లుకు మిద్దె పనికి పోతాండా.

నిన్న మీ బడిలో మీటింగుకు పోయినా. "ఆరీఫా ఖోఖో మానేసింది. నేను ఆడుకుంటా ఉంటే మా నాయనకు ఎవరు వండుతారు మేడమ్ అనింది" అని మీ ఆటల మేడమ్ చెప్పింది. నాతో మాత్రం బడిలో ఆటలే ఎత్తేసినారన్నావు. నాకెందుకమ్మా అబద్ధం చెప్పినావు? సోమవారం నుంచి పంపిస్తానని మేడమ్‌కు మాటిచ్చినా. సాయంత్రం వంట నేను చూసుకుంటా.

మీ నాయన

మీ అమ్మ పోయినాక నేను పని నుంచి వచ్చేసరికి నువ్వు ఇంట్లో లేని రోజు లేదు. ఇంగ నువ్వు లేని ఇంటికొస్తే కొన్నాళ్లు నాకు యట్లనో ఉంటాది. ఉండనీ. నువ్వు ఆడుకోని రా.