సినిమా ఎట్లా ఉందని అడిగావు

విడీ ఘర్కుల్, సోలాపూర్
బుధవారం మధ్యాహ్నం

చిరంజీవి ప్రణాలికి అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ మీ నాన్నా కుశలం. పుణెలో నువ్వూ అట్లాగే ఉన్నావని తలుస్తాను. ఉత్తరం ఇట్లా మొదలుపెట్టాలని మా తెలుగు బడి పంతులు బెత్తం పట్టుకుని నేర్పాడు కాబట్టి రాశాను. నిజంగా ఎట్లా ఉన్నామో కింద రాస్తాను, నింపాదిగా చదువుకో.

నీ ఉత్తరం శ్రావణి ఆదివారం పొద్దున తెచ్చి ఇచ్చింది. ఎదురింటి పిల్ల నీ హాస్టల్లోనే ఉండటం మన అదృష్టం. ఫోన్ చేస్తే నాన్న ఎత్తుతాడని కాగితం మీద రాశానన్నావు. మంచి పని చేశావు. ఈ ఒక్క గది ఇంట్లో ఫోన్లో గుసగుసలాడినా గోడ అవతల రాజమ్మత్తకు వినిపిస్తుంది, ఆమె మళ్ళీ నాకే వచ్చి చెబుతుంది. నువ్వు చదివింది మరాఠీ బడి, తెలుగు నేను పలక మీద నేర్పిందే. నీ తెలుగు అక్షరాలు ఇంకా మరాఠీ వాటిలా నెత్తిన గీత కోసం వెతుక్కుంటున్నాయి. పర్వాలేదు, నాకు అర్థమైంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ నాన్న దగ్గు తగ్గింది. పవర్‌లూమ్ దగ్గర దూది ధూళి తగ్గదు కాబట్టి మళ్ళీ వస్తుంది. నా నడుం నొప్పి ఎక్కడికీ పోలేదు, భద్రంగా ఉంది. బీడీ కార్ఖానాలో ఈ విడత ఇచ్చిన ఆకు నిండా చిల్లులే, సగం చెత్తలోకి పోతోంది. ఇదేమిటని అడిగితే "అక్కా, ఆకును నేను కన్ననా?" అంటాడు అక్కడ ఆకు తూచే మునీము. హాస్టల్లో కూరలు చప్పగా ఉంటున్నాయని రాశావు. పల్లీలు దంచి శేంగా చట్నీ చేశాను, శ్రావణి చేతికి ఇస్తాను. అందరికీ పంచిపెట్టకు, ముందు నువ్వు తిను.

ఇక రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, ఆ కొత్త హిందీ సినిమా చూశావా అమ్మా అని. ప్రేమిస్తున్నానని నమ్మించి ఆడపిల్లల్ని ముంచేవాడి కథ, హాస్టల్లో అందరితో కలిసి చూస్తూ సగంలో లేచి వచ్చేశానన్నావు. రెండోది అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో రాశావు. "ఆ బంగారు గుండ్ల దండ నేను శ్రీకాంత్‌కు ఇయ్యలేదమ్మా. నాన్న నమ్మకపోయినా సరే. నువ్వన్నా నమ్ముతున్నవా?" అని. దానికి జవాబు రాయటానికే ఈ మధ్యాహ్నం పని పక్కన పెట్టి కూర్చున్నాను. కానీ ముందు సినిమా సంగతి రాయనీ, చెయ్యి కొంచెం సాగాలి.

నీ ఉత్తరం వచ్చిన రోజే రాజమ్మత్త ఇంట్లో చూశాము. ఆమె కొడుకు పెద్ద టీవీ కొన్నప్పటి నుంచి మా ఇళ్ళ వరసకంతా ఆ ఇల్లే టాకీసు. ఆరేడుగురం ఆడవాళ్ళం చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ చూశాము. చుట్టే చేతులకు కళ్ళు అక్కర్లేదు కదా. హీరోకు మూడు ఊళ్ళలో మూడు పేర్లు, పెద్ద కారు. పిల్ల బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది, ఒంటరిగా ఉంటుంది. వాడు కాఫీ హోటల్లో ఒక పువ్వు ఇస్తాడు, వెంటనే మంచు కొండల్లో పాట, పాట అయ్యేసరికి బీరువా తాళం వాడి చేతిలో ఉంటుంది.

"ఏందే ఇది?" అంది రాజమ్మత్త. "ఇట్ల పువ్వు ఇయ్యంగనే అట్ల చాబీ ఇస్తదా? దీని డోక్ల మెదడు బదులు భుసా నింపిన్రా ఏంది?"

ఆమె కోడలు శీతల్ ఫోన్ తీసింది. సినిమా చూసినవాళ్ళు అందులో తమ అభిప్రాయాలు రాస్తారట. "అత్తా, ఇగో సూడు, అందరు రెండే స్టార్లు ఇచ్చిన్రు. ఒకడు ఏం రాసిండు ఎరికేనా? 'హీరోయిన్ ఎకదమ్ బుద్దు. నా రెండు గంటలు నాకు వాపస్ ఇయ్యుండ్రి' అని రాసిండు."

ఇంకెవరో రాశారట, ఆ ఇద్దరి ప్రేమ చూస్తుంటే ఎస్టీ బస్సులో పక్క పక్క సీట్లు దొరికినవాళ్ళలా ఉన్నారని. దానికి అందరం నవ్వాము. నేనూ నవ్వాను. మరొకరు, ఇంత చదువుకున్న పిల్ల ఇట్లా మోసపోవటం మనసుకు ఎక్కలేదని రాశారు. ఇంకొకరు, మోసం చేసేవాడికంటే మోసపోయేవాళ్ళనే జైల్లో పెట్టాలని రాశారు. శీతల్ అన్నీ పైకి చదువుతూనే ఉంది. రాజమ్మత్త భర్త పెంటప్ప మామ గడపలో కూర్చుని తల ఊపాడు. "నాకైతే మంచిగనే ఉన్నది. ఆఖర్ల చోర్ దొరికిండు గదా, బస్."

నన్నడిగితే ఒక్క స్టారు కూడా ఎక్కువే. ఆ పిల్లకు బుద్ధి లేదని మాత్రం నేననను. ఆ సినిమా తీసినవాడికే ఏమీ తెలియదు. మోసగాడు ఎట్లా నవ్వుతాడో చూపించాడు గానీ, ఇంట్లోవాళ్ళకు వాడు ఎట్లా కావలసినవాడు అవుతాడో చూపించలేదు. అది చూపించి ఉంటే అక్కడున్న ఒక్కరూ నవ్వేవాళ్ళు కాదు.

అప్పుడు రాజమ్మత్త నా వైపు తిరిగింది. "ఏమే గోదావరీ, సప్పుడు జేస్తలేవు? నువ్వు జెప్పు. మీ ఇంట్ల జరిగింది గదా."

శీతల్ మోచేత్తో పొడిచినా ఆమె ఆగలేదు. "నిజం అంటే తప్పేందే? ఈ పిచ్చర్ల పిల్లనే నయం. పోలీసోళ్ల ముంగట 'నేనే ఇచ్చిన, నాదే తప్పు' అని ఒప్పుకున్నది. మన ప్రణాలి గంత మాట గూడ అనకపాయె."

అందరూ చేతులు ఆపి నన్ను చూశారు. నేను నోరు తెరిచాను. తెరిచి, "పిచ్చర్ మస్తు లంబా ఉన్నది అత్తా" అన్నాను. అవునవునని అందరూ ఒప్పుకున్నారు, మళ్ళీ చేతులు ఆడాయి. నాకు మాత్రం ఆ రోజు చుట్టిన బీడీ ఒక్కటి కూడా సరిగా రాలేదు.

ప్రణాలీ, నీకు తెలిసిన శ్రీకాంత్ వేరు, నాకు తెలిసిన శ్రీకాంత్ వేరు. నిన్ను పెళ్ళి చేసుకుంటానంటే నువ్వే వాణ్ణి ఇంటికి తీసుకొచ్చావు, అది అందరికీ తెలుసు. నువ్వు హోట్గి రోడ్ దుకాణంలో డ్యూటీలో ఉన్నప్పుడు కూడా వచ్చేవాడని నీకు తెలియదు. ఇక్కడి చాదర్లు, టవళ్ళు కొని కామారెడ్డి వైపు పంపే వ్యాపారం అని చెప్పాడు కదా. భవాని పేట్‌లో పని చూసుకుని అటు నుంచి ఇటే వచ్చేవాడు. వచ్చి కుర్చీలో కూర్చునేవాడు కాదు. "అత్తమ్మా, ఇటియ్యి" అని నా ఒళ్ళోంచి చేట తీసి తన ఒళ్ళో పెట్టుకునేవాడు.

ఈ ఘర్కుల్లో ఏ మగవాడైనా ఆడదాని చేట ఒళ్ళో పెట్టుకోగా నువ్వెప్పుడైనా చూశావా? నాకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు మీ నాన్న నీళ్ళు మోశాడు, అన్నం వండాడు, నా కాళ్ళు కూడా పిసికాడు. చేట మాత్రం ముట్టలేదు. ముడితే మగ్గం దగ్గర మిగతావాళ్ళు ఏడాదంతా నవ్వుతారు. ఆ శ్రీకాంత్ మాత్రం తలుపు బార్లా తీసి ఉండగానే, దారిన పోయేవాళ్ళు చూస్తుండగానే, రేకు కొలత పెట్టి ఆకు కత్తిరించాడు. మొదట్లో వాడు చుట్టిన బీడీలు పొట్ట ఉబ్బి ఉండేవి. నేను పడీ పడీ నవ్వితే తనూ నవ్వేవాడు. రెండు నెలల్లో వాడి గోళ్ళు తంబాకు పట్టి నా గోళ్ళ రంగుకు వచ్చాయి. నాకు కొడుకు లేని లోటు తీరిందనుకున్నాను. చేట ఒళ్ళో పెట్టుకున్న మగవాడు ఆడవాళ్ళను మోసం చెయ్యడనుకున్నాను. ఈ మాట పైకి చెప్తే శీతల్ ఫోన్లోవాళ్ళు నాకెన్ని స్టార్లు ఇస్తారో.

ఒక మంగళవారం వాడు దారం కడుతూ కడుతూ అన్నాడు. "అత్తమ్మా, మీ ఇంట్ల పాతకాలం గుండ్లున్నయని ప్రణాలి చెప్పింది. మా అమ్మ గసొంటియే ప్రణాలికి చేపిద్దామంటున్నది. నమూనకు రెండు రోజులు ఇయ్యి, కంసాలికి చూపిచ్చి తెస్త. ప్రణాలికి మాత్రం చెప్పకు. పెండ్లినాడు చూసి ఖుష్ కావాలె."

నేను లేచి, దేవుడి పటం వెనక నుంచి తాళం తీసి, సందూకు పెట్టె తెరిచాను. మా అవ్వ మెడలోంచి తీసి నా మెడలో వేసిన గుండ్లు. పాత రవికె గుడ్డలో చుట్టి వాడి చేతిలో నేనే పెట్టాను. జాగ్రత్త అని కూడా అనలేదు, అంటే చిన్నబుచ్చుకుంటాడని.

ఇచ్చింది నేను, ప్రణాలీ. నువ్వు కాదు. నిన్ను నమ్ముతున్నానా అని అడిగావు. నమ్మటం నమ్మకపోవటం ఏముంది బిడ్డా, నాకు మొదటి నుంచీ తెలుసు.

వాడి ఫోన్ ఆగిపోయి, భవాని పేట్‌లో వాడున్న గదికి తాళం పడి, మీ నాన్న అనుమానంతో సందూకు తెరిపించిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. తాళం ఎక్కడుంటుందో తెలిసింది నీకూ నాకూ మాత్రమే. మీ నాన్న నన్ను అడగను కూడా అడగలేదు. గోదావరిని మోసం చెయ్యటం ఎవరి తరమూ కాదని ఆయన నమ్మకం. ఈ కాలనీలో ఎవరి ఇంటికి సంబంధం వచ్చినా, పిల్లవాడిని ఒకసారి చూడమని నన్నే పిలుస్తారు కదా. అందుకని నిన్నే అడిగాడు. నువ్వు ఇయ్యలేదన్నావు. "బంగారం పోతే పోనియ్యి బిడ్డా, అబద్ధం ఎందుకు చెప్తున్నవ్?" అన్నాడు. నువ్వు నా వైపు చూశావు. నేను తల వంచుకుని ఆకు కత్తిరిస్తూ కూర్చున్నాను.

సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రానికి మీ నాన్న నిన్ను అనరాని మాటలన్నాడు, ఇప్పుడు చెప్తే ఆ మాటలన్నీ నాకు తగులుతాయని భయమేసింది. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి నువ్వు అన్నం మానేశావు. ఒక్కో రోజు గడిచేకొద్దీ, నిన్న ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా వచ్చి కూర్చునేది. వారం తిరగకుండా నువ్వు శ్రావణి వెంట పుణె బస్సెక్కావు. స్టాండులో నీ సంచి అందించింది నేనే. అప్పుడు కూడా చెప్పలేదు. నేను చేసింది తప్పు. వాడు నీకు చేసినదానికంటే పెద్ద తప్పు.

ఇంతవరకు రాశానో లేదో మీ నాన్న వచ్చాడు. కరెంటు పోయి మగ్గాలు ఆగాయట. కాగితాలు దాచే వ్యవధి లేకపోయింది. ఆయన పక్కన కూర్చుని, నేను ఇప్పుడే నింపిన ఈ కాగితమే చేతిలోకి తీసుకున్నాడు. ఆయనదీ మరాఠీ బడే కదా, తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. అయినా పైనుంచి కిందిదాకా చూశాడు.

"మస్తు రాసినవ్. ఏం రాసినవ్?"

"సిన్మా ముచ్చట" అన్నాను.

కాగితం నాకిచ్చేశాడు. తర్వాత, "ఇంకో మాట రాయి. నేను చెప్పినట్టే రాయి" అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ప్రణాలీ, బిడ్డా. ఒక్కపారి నేనే ఇచ్చిన అని చెప్పు. గంతే. మళ్ల ఆ ముచ్చట ఎత్తను. గుండ్లు పోతే పోయినయి. నువ్వు లేక ఇల్లు ఇల్లు తీరుగ లేదు. ఆ మాట చెప్పు, నేనే పుణె వచ్చి తోలుకొస్త. మార్కండేయుని రథం పండుగ నాటికి ఇంట్ల ఉందువు."

రాశావా అని అడిగాడు. రాశానన్నాను. చదివి వినిపించమన్నాడు. ఆ మాటలన్నీ నా నోటితో నేనే చదివాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఎదురుగా ఒక్క జానెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. ఆ క్షణంలో చెప్పినా సరిపోయేది. నోరు రాలేదు బిడ్డా. ఎంత పెకలించుకున్నా రాలేదు. ఇప్పుడు బయట నల్లా దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు, నేను ఈ చివరి మాటలు రాస్తున్నాను.

నువ్వు ఎటువంటిదానివో నాకు తెలుసు. ఇది చదివి, పోనీలే, అమ్మ పరువు దక్కుతుందని, నాన్న బాధ తీరుతుందని, నేనే ఇచ్చానని ఫోన్లో అనేస్తావు. అంటే అందరికీ హాయి. ఆయన రేపే బస్సెక్కుతాడు. రాజమ్మత్త కూడా నిన్ను మెచ్చుకుంటుంది. నేను బతికిపోతాను.

అందుకే చెబుతున్నాను, ఒప్పుకోవద్దు. నాన్న ఏడ్చినా, రేపు నేనే ఫోన్ చేసి బతిమాలినా సరే, ఒప్పుకోవద్దు. ఇచ్చింది నేనని మీ నాన్నకు ఎప్పుడు చెప్పగలనో నాకే తెలియదు. నువ్వు ఒప్పుకున్నావంటే మాత్రం, ఇక ఎప్పటికీ చెప్పను.

ఇట్లు,
మీ నాన్న ముందు నోరు పెగలని
నీ అమ్మ
గోదావరి