చిలకమ్మ పిన్ని ఎత్తిన ఫోన్

కద్మా, జంషెడ్‌పూర్
మంగళవారం

మా సుధక్కకి,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే ఏడ్చేస్తానని కాగితం మీద పెడుతున్నాను. బావగారికి ఇప్పుడే చెప్పకు.

ఆస్ట్రేలియా వీసాకి నా చదువూ ఉద్యోగమూ నిజమని రుజువు చేయాలి కదా. చదువు వరకూ గట్టెక్కాను, యూనివర్సిటీ నుంచి మార్కుల పత్రాలు సీలు కవరులో వెళ్ళాయి. ఉద్యోగం దగ్గరే దెబ్బ పడింది. జగ్గారావు బాబాయి వర్క్‌షాపులో వెల్డింగ్ అతుకుల ఎక్స్‌రే ఫిల్ములు చూసి, లోపల పగులుందో లేదో చెప్పడం ఏడేళ్ళుగా నా పని. చుట్టరికమేం లేదు, ఇక్కడ మన శ్రీకాకుళం వాళ్ళంతా ఒకరికొకరు బాబాయిలూ పిన్నులే. అనుభవపత్రం అడిగితే వెంటనే సంతకం పెట్టి ఇచ్చాడు. "మీ పిన్నితో ఇప్పుడే అనకమ్మా, నువ్వెల్లిపోతావంటే అన్నం మానేత్తాది" అన్నాడు. నేనూ సరేనన్నాను.

నిన్న ఆ పత్రాలు పరిశీలించే సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. మీ ఆఫీసుకి ఫోన్ చేశాం, ఆ పేరుగల మనిషి ఎప్పుడూ పనిచేయలేదన్నారు, వారంలోగా వివరణ ఇవ్వండి అని. దొంగ పత్రమని తేలితే ఇంక చాలా ఏళ్ళు ఆ దేశం వైపు చూడనివ్వరట.

అక్కా, ఇవాళ పనికి కూడా వెళ్ళలేదు. వీసా పోతే పోయింది. నేను అక్కడ లేనే లేనన్నారే, అదే గుండెల్లో కలుక్కుమంటోంది. నన్ను ఆపాలని బాబాయే చెప్పించాడేమో! మా ఆయన హరి "వెళ్ళి నిలదీయి" అంటున్నాడు. బాబాయి నిజంగానే అలా చేశాడని తేలితే నేను తట్టుకోలేను. ఏమీ అడక్కుండా దరఖాస్తు మానేద్దామని అనుకుంటున్నాను.

నీ
రమణి


కద్మా
శనివారం

అక్కా,

ముందు నన్ను నాలుగు తిట్టి, ఆ తరవాత చదువు.

హరి పోరు పడలేక బుధవారం, నది అవతల మాంగోలో ఉన్న వర్క్‌షాపుకి వెళ్ళాను. వంతెన మీద ఆటో ఇరుక్కుపోతే, ఇదే సాకుగా వెనక్కి తిరిగిపోదామా అనిపించింది. వర్క్‌షాపు గుమ్మంలోనే బాబాయి భార్య, చిలకమ్మ పిన్ని. ఆఫీసు ఫోన్ ఎత్తేది ఆవిడే. నన్ను చూసి మొహం చాటంత చేసుకుంది.

"ఇదిగో రమణీ, ఎవుడో హిందీలో నీ పేరు సెప్పి ఒకటే ఆరా. ఏటి పని సేత్తాది, ఎన్నాళ్ళయింది అని. అప్పులోడేమోనని, ఆ పేరు గలోళ్ళే మా దగ్గర నేరని తెగేసి సెప్పీసినాను. నిన్నెవుడికైనా దొరకనిత్తానేటి?"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇక్కడ రివాజే అంత. కొత్తవాళ్ళు ఫోన్ చేసి మన మనిషి గురించి అడిగితే తెలీదనాలి. మాతో పనిచేసే ఆదిబాబు బండి అప్పు కోసం ఫైనాన్సు వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నేనూ అదే మాట చెప్పాను. అది మరిచిపోయి బాబాయిని అనుమానించాను చూడు, సిగ్గేసింది. ఆయన తల పట్టుకుని అప్పటికప్పుడు వివరణ రాసిచ్చాడు. పిన్నికి మాత్రం, అది అప్పులవాళ్ళ ఫోన్ కాదు, మళ్ళీ చేస్తే నిజం చెప్పు అని ఊరుకున్నాం, ఆస్ట్రేలియా మాట ఎత్తలేదు.

ఇవాళ చేశారు. పిన్నే ఎత్తింది. హిందీలో అవతలివాడు చెబుతుంటే ఉన్నట్టుండి "ఆస్ట్రేలియా?" అంది. నా వైపు తిరిగింది. బాబాయి కళ్ళు దించేసుకున్నాడు. ఆవిడకి అంతా అర్థమైపోయింది. మళ్ళీ లేదనేస్తే ఇంక నా పని అయిపోయినట్టే.

"హై. హమారీ హై" అంది పిన్ని, మెల్లగా. ఉంది, మా పిల్లేనని, ఏడేళ్ళుగా పనిచేస్తోందని, ఈ పిల్ల చూసి సరేనంటే తప్ప సరుకు గేటు దాటదని, అడిగినదానికల్లా జవాబు చెప్పింది. ఫోన్ పెట్టేసి పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

"సరిగ్గానే సెప్పినానా?"

"చెప్పావు పిన్నీ."

"మరైతే ఎల్లిపోతావేటమ్మా?"

సరిగ్గా అప్పుడే ఫోన్ మళ్ళీ మోగింది, ఈసారి నేను ఎత్తాను. అవతల అదే మనిషి, రమణి గారిని ఒకసారి పిలవండి అని. ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరని నేనే చెప్పేద్దామనిపించింది అక్కా.

చెప్పలేదులే. "నేనే" అన్నాను.

నీ చెల్లి
రమణి