గ్రహణానికి కత్తిరించిన ఎక్స్‌రే

నాయనా,

ఏడు గంటల బస్సుకు ఉయ్యాలవాడ బడికి పోతున్నాను. నువ్వు లేస్తూనే నోరు పుక్కిలించి, ఆ మూత డబ్బాలో గళ్ళ తీయి. ఎంగిలి ఉమ్మితే పనికిరాదు, బాగా దగ్గి తీయాలని డాక్టరు చెప్పినాడు కదా. డబ్బా తీసుకుని తొమ్మిది గంటల నంద్యాల బస్సెక్కు.

ఈరోజు కొత్త ఎక్స్‌రే తీసి పాతదాని పక్కన పెట్టి చూస్తాడంట. పాత ఫిల్ము ట్రంకుపెట్టెలో ఉంది. దాన్ని చూసి అరవొద్దు. పోయిన నెల సూర్యగ్రహణం నాడు నువ్వు తలుపులేసుకుని ప్రార్థనలో ఉంటే, నేను అందులోంచి అరచేయంత ముక్క కత్తిరించుకుని మిద్దె మీద నుంచి చూసినాను. నీ ఊపిరితిత్తి మీది మచ్చ ఎక్కడికీ పోలేదులే. ఫిల్ములో జబ్బు తెల్లగా పడుతుంది, దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయని బాగున్న నల్లటి పక్కే కోసినాను. డాక్టరు అడిగితే ఎలుకలు కొట్టినాయని చెప్పొద్దు, నా పేరే చెప్పు.

"దగ్గే లేదు కదమ్మా, ఇంకా ఏందీ మాత్రలు?" అంటివి నిన్న. ఏడాది మింగమంటే ఏడాదీ మింగాల్సిందే, ఇంకా రెండు నెలలుంది. బియ్యం డబ్బాలో దాచిన బీడీ కట్ట పొయ్యిలో వేసినాను, వెదకొద్దు. రాగిసంగటి ఉట్టి మీద ఉంది.

లూదియా

మరిచిపోయినా: కొత్త ఫిల్ము రెండు పక్కలా నల్లగా వస్తే భద్రంగా ఇంటికి తీసుకురా. మళ్ళా గ్రహణం పట్టిన రోజు నువ్వూ మిద్దె ఎక్కుదువు. ఒక పక్క నీకు, ఒక పక్క నాకు.