పడవలో వేణ్ణీళ్ళు

అవనిగడ్డ, కాలవ గట్టు,
2024 డిసెంబరు 5, గురువారం.

గుడివాడలో ఉన్న వియ్యపురాలు బుల్లెమ్మ వదినగారికి,

సువర్ణ వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, మీ అన్నయ్యగారూ, మా పడవా కులాసా. అక్కడ మీరూ, అన్నయ్యగారూ, అల్లుడు కిరణ్ కుమార్, మా జెనిఫర్, ఇంకా పేరు పెట్టని నా మనవరాలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పాప ఒంటి పచ్చదనం తగ్గిందా? పొద్దుటి ఎండలో కాసేపు పెట్టండి, కానీ చెవులకి గాలి తగలనివ్వకండి. చూశారా, ఉత్తరం మొదలుపెట్టానో లేదో పెత్తనం కూడా మొదలుపెట్టాను.

చేతిలో ఫోను పెట్టుకుని కాయితం మీద రాయడమేమిటని మీరు నవ్వుకుంటారు. ఫోనెత్తితే మీరు అలవాటుగా స్పీకరు నొక్కుతారు. పక్క గదిలో మంచం మీద జెనిఫర్ ఉంటుంది. అది వినకూడని మాటలు నాలుగున్నాయి. అందుకే మా సంఘంలోని యేసుదాసు పామర్రు మీదుగా గుడివాడ వస్తుంటే ఈ కవరు ఇచ్చి పంపిస్తున్నాను. మీరొక్కరే చదవండి.

అసలు సంగతికి వస్తాను. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కిరణ్ బాబు గ్యాసు గీజరు కొని, మెకానిక్కుని వెంటబెట్టుకుని మా పడవకి వస్తాడనీ, అది బిగించగానే జెనిఫర్‌నీ పాపనీ ఇక్కడ దింపుతామనీ మీరన్నారు. దయచేసి గీజరు పంపకండి వదినగారూ. నా కూతుర్నీ పంపకండి. ఈ రెండో మాట రాయడానికి చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను.

తొలికాన్పు పుట్టింటివాళ్ళు చెయ్యాలి. ఆ ముక్క మీరు నాకు గుర్తుచేయలేదు, అది మీ మంచితనం. పిల్లకి నొప్పులు ముందుగా రావడంతో మీ ఊరి ఆసుపత్రిలోనే పురుడొచ్చింది, అక్కణ్ణించి మీ ఇంటికే తీసుకెళ్ళారు. నాలుగు రోజులాగి మేం తెచ్చుకోవాలి. అదీ మనం అనుకున్నది. పెళ్ళి మాటలప్పుడు మీరు మా పడవ చూసి, రేపు బాలింతని ఇందులో ఎలా ఉంచుతారమ్మా అని నెమ్మదిగానే అడిగారు. నేనే రోషానికి పోయి, మీ ఇంట్లో కంటే ఎక్కువ వేణ్ణీళ్ళు కాచి పోస్తాను చూడండి అన్నాను. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

అలాగని మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మా ఆయన ఉద్యోగమంతా కాలవ లస్కరుగా, లాకులూ తూములూ చూసుకుంటూ గట్ల మీదే గడిచింది. రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక, నీళ్ళు వదిలి నేల మీద నిద్ర పట్టదంటూ పాత ఇనప పడవ కొని రేకుల కప్పు వేయించారు. అందులో అన్నీ అమర్చారు గానీ వేణ్ణీళ్ళ ఏర్పాటు మాత్రం జెనిఫర్ కడుపుతో ఉందని తెలిసేదాకా మేం పట్టించుకోలేదు. మేమిద్దరం చన్నీళ్ళవాళ్ళం.

మొదట గ్యాసు పొయ్యి మీద గుండిగ పెట్టాను. పక్కనుంచి ఏ మోటారు పడవ వెళ్ళినా మా పడవ ఊగుతుంది, గుండిగ తొణుకుతుంది, నీళ్ళు మంట మీదే పడి పొయ్యి ఆరిపోతుంది. మరిగిన గుండిగని ఆ సన్నటి నడవలోంచి స్నానాల గదికి మోసుకెళ్ళడం సర్కసువాళ్ళ పని. తర్వాత కరెంటు రాడ్డు తెచ్చారు. కప్పు మీదున్న సోలారు పలకలు రెండు బల్బులకీ ఒక ఫ్యానుకీ చాలతాయంతే. రాడ్డు పెట్టగానే ఇన్వర్టరు కుయ్యోమని అరిచి పడుకుంది. గట్టు మీంచి లైను ఇమ్మంటే ఇంటి నంబరు అడిగారు. పడవకి ఇంటి నంబరెక్కడిది?

సోలారు హీటరు పెట్టిద్దామన్నాను. అంత నీళ్ళ ట్యాంకు నెత్తి మీద పెడితే పడవ పక్కకి వాలుతుందని మా ఆయన ఒప్పుకోలేదు. ఆయనకి వచ్చిన ఆలోచన వినండి. ఇంజనుని చల్లార్చి బయటికొచ్చే నీళ్ళు వేడిగానే ఉంటాయి కదా, వాటినే బకెట్లో పడదామన్నారు. పట్టి చూపించారు కూడా. డీజిలు కంపూ, గుర్రపుడెక్క కంపూ కలిసి ముక్కు బద్దలైంది. నేను కన్నది ఆడపిల్లని, ఇంజనుని కాదు అని కసిరితే మూడు రోజులు మూతి ముడుచుకున్నారు.

మీ గ్యాసు గీజరు మీరు ప్రేమతో ఇస్తున్నారని నాకు తెలుసు. కానీ మీ బాత్రూముకి పెద్ద కిటికీ ఉంది. మా స్నానాల గది బీరువా కంటే కాస్త పెద్దది. అందులో తలుపు వేసుకుని గ్యాసు మండిస్తే లోపలి గాలి చెడిపోయి, మనిషి తెలియకుండానే తూలి పడిపోతుంది. బయట డెక్కు మీద పెడితే కాలవ గాలికి మంట నిలవదు. ఇది వంక కాదు, కిరణ్ బాబుని ఆ మెకానిక్కునే అడగమనండి.

ఆఖరికి బందరులో పాత సామాన్ల కొట్లో రాగి బాయిలరు దొరికింది. మధ్య గొట్టంలో కొబ్బరి డొక్కలు వేసి రాజేస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి, కింద కుళాయి తిప్పి పట్టుకోవడమే. దాన్ని పడవ వెనక ఇనప రేకు మీద నిలబెట్టి, ఊగకుండా గొలుసులతో కట్టి, పొగ గొట్టం కప్పు పైకి పెట్టారు. చింతపండు పెట్టి తోమితే కొత్త బిందెలా మెరిసింది. జెనిఫర్‌కి ఫొటో పంపితే, అమ్మా, ఇదేంటే మన చర్చి గంటలా ఉంది అని మురిసిపోయింది.

ఆ బాయిలరే మా కొంప ముంచింది. కిందటి నెలలో కుళాయి ఊడి, మరిగే నీళ్ళు మా ఆయన వీపు మీద పడ్డాయి. అప్పుడే మీకు ఫోనులో చెప్పాను. బొబ్బలు చితికాయి, ఇప్పటికీ బోర్లా పడుకుంటున్నారు. కుళాయి మార్పించుకోండి అని మీరన్నారు. కుళాయి మార్పిస్తే భయం పోతుందా వదినగారూ? పచ్చి బాలింతనీ పసిగుడ్డునీ ఆ నీళ్ళ దగ్గరికి తేవడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

నిన్న సాయంత్రం జెనిఫర్ ఫోను చేసింది. అమ్మా, నేను రావడం నీకిష్టం లేదా అని అడిగింది. ఇష్టం లేకపోవడమేంటే పిచ్చిమొహమా, బాయిలరు పాడైంది అన్నాను. పాడైతే బాగుచేయించలేరా, పొయ్యి మీద కాస్తే కాగవా, పొరుగింటి సుచిత్రకి వాళ్ళమ్మ అద్దె గదిలో కట్టెల పొయ్యి మీద కాచి పోసింది కదా అంది. బాయిలరు పాడైందని మళ్ళీ అదే పాట పాడాను. సరేలే అమ్మా అని పెట్టేసింది. కొట్లాడి పెట్టేసినా బాగుండేది.

అందుకని మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను. ఈ నెల మీరే గట్టెక్కించండి. మీ మోకాళ్ళ నొప్పులు తెలిసి కూడా అడుగుతున్నాను. యేసుదాసు చేత వావిలాకు మోపు, వెల్లుల్లి కారం, నెయ్యి పంపిస్తున్నాను. ఇవి పంపితే నా వంతు తీరిపోయిందని నేను అనుకోవడం లేదు.

మీ ఎదుట తలెత్తుకోలేని,
సువర్ణ

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను వదినగారూ. యేసుదాసు బస్సు తప్పిపోతుందని గట్టు మీద నిలబడి గొణుగుతున్నాడు. గొణగనీ.

కుళాయి ఊడలేదు. బాయిలరు బంగారంలా ఉంది. ఎన్ని నీళ్ళు కావాలంటే అన్ని కాగుతాయి. మా ఆయన వీపు కాల్చింది నేను.

పిల్ల వచ్చేలోపు ఒకసారి చేసి చూద్దామనుకున్నాను. బాలింతకి నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో, రెండు బకెట్లు చాలతాయో లేదో, ఆ గదిలో నా మోచెయ్యి ఆడుతుందో లేదో అని. మా ఆయన్ని తువ్వాలు కట్టి పీట మీద కూర్చోబెట్టాను. నాకు పత్యం కూడా పెడతావా ఏంటే అని నవ్వుతూ కూర్చున్నారు. బకెట్లో చన్నీళ్ళు కలిపాను, చెయ్యి పెట్టి చూశాను, సరిపోయిందనిపించింది. చెంబు ముంచి వీపు మీద పోశాను. ఆయన కేక వేశారు. ఆటలాడుతున్నారనుకుని రెండో చెంబు కూడా పోశాను.

అవనిగడ్డలో డాక్టరమ్మ ఆయనకి మందు రాస్తూ, నా వేళ్ళ మీద బొబ్బలు చూసి, ఇవెప్పుడు కాలాయమ్మా అని అడిగింది. అవి ఉన్నట్టే నాకు తెలియదు. సూదితో గుచ్చింది, వేడినీళ్ళ సీసా ఆనించింది, మంచు గడ్డ పెట్టింది. అన్నీ ఒకటే నాకు. ఇన్నేళ్ళ షుగరు అరికాళ్ళ స్పర్శని ముందే తినేసింది, ఇప్పుడు చేతులకి వచ్చిందని చెప్పింది. కుళాయి ఊడిందన్న కథ మా ఆయనది. ఆసుపత్రిలో అడిగినవాళ్ళకల్లా నాకంటే ముందు ఆయనే చెప్పారు. అది పట్టుకుని నేను మీకూ, నా కూతురికీ ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పుకొచ్చాను.

వేడి నేను చూసి పెడతానులే అంటున్నారు ఆయన. బాలింత నీళ్ళు ఒకసారి చూస్తే సరిపోతుందా? చెంబు చెంబుకీ చెయ్యి పెట్టాలి. ఎదిగిన కూతురు స్నానం చేసే చోటికి తండ్రి ఎలా వస్తాడు? ఇక పాపని కాళ్ళ మీద వేసుకుని పోసేటప్పుడైతే, అది ఏడిస్తే ఆకలికి ఏడుస్తోందో నీళ్ళు కాలి ఏడుస్తోందో నాకెలా తెలుస్తుంది?

మీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, చెబితే పాపని ఇంక నా చేతికివ్వరని భయం వేసింది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఆసుపత్రిలో మీరు పాపని నా చేతుల్లో పెట్టి, చూడండి వదినా, ఒళ్ళెంత వెచ్చగా ఉందో అన్నారు. అవునవును అని తలూపాను. నా చేతుల్లో బరువు తప్ప ఏమీ లేదు. మీరు మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు ఎత్తి చెంపకి ఆనించుకున్నాను. అప్పుడు తెలిసింది ఎంత వెచ్చగా ఉందో.

కిరణ్ బాబు ఆదివారం రావాలనుకుంటే గీజరు లేకుండా రమ్మనండి, వెళ్ళేటప్పుడు నేనూ వెంట వస్తాను. మీరు నీళ్ళు పోయండి. నేను తువ్వాలు పట్టుకుని నిలబడతాను, సాంబ్రాణి వేస్తాను, గుడ్డలు ఉతుకుతాను, మీ మోకాళ్ళకి నూనె రాస్తాను. నూనె మాత్రం కాచి ఇవ్వమనకండి.

మీరొక్కరే చదవమని మొదట రాశాను. ఆ మాట కొట్టేయండి. ఈ ఉత్తరం మొత్తం జెనిఫర్ చేతిలో పెట్టండి. చదివి ఏడుస్తుంది, బాలింత ఏడవకూడదని మీరు కంగారు పడతారు. ఏడవనివ్వండి. అమ్మకి నేను అక్కర్లేదనుకుని సరేలే అనడం కంటే, అమ్మ చేతులు పోయాయని ఏడవడమే దానికి మేలు.